వార్త రాసిన చేత్తో వెలి కేసు కట్టాలంటే

విలేకరి పని వదిలి హక్కుల పనిలోకి వచ్చినవాళ్లకు ముందు తగ్గాల్సింది తొందర. వార్త సాయంత్రానికి డెస్కుకు చేరితే పని అయిపోతుంది. ఊరు దళితులను వెలివేసిన కేసులో మీరు రాసుకున్న కాగితాన్ని ఏ రెండేళ్లకో అవతలి లాయరు అక్షరం అక్షరం పీకుతాడు.

డెల్టా ఊళ్లలో ఇప్పుడెవరూ టముకు వేయించి వెలి వేయరు. నాట్లకు పిలవరు. రొయ్యల చెరువు మీద పని ఉండదు. కౌలు చేను దాళ్వాకు, అంటే రెండో పంటకు, లేదంటారు. అడిగితే ‘మా పొలం, మా ఇష్టం’. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం తగాదా ముదిరి దళితులను వెలివేసిన సంగతి తెలిసిందే. ఒక్క రైతు పని ఇవ్వలేదంటే కేసు నిలవడం కష్టం. అందరూ ఒకే రోజు నుంచి ఒకే మాట మీద ఆపేశారని చూపాలి. 2016 జనవరి 26 నుంచి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం) సెక్షన్ 3(1)(జెడ్‌సి) కింద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరం. వేస్తామని బెదిరించినా నేరమే. మీరు పట్టుకోవాల్సింది ఆ తేదీ, ఆ మాట.

‘కొట్టువాడు సరుకులివ్వలేదు’ అని రాసుకుంటే ఎందుకూ పనికిరాదు. ఇలా రాయండి: మంగళవారం ఉదయం 7 గంటలు, రావిచెట్టు పక్క కొట్టు, అరకిలో పంచదారకు డబ్బులిస్తే ‘పెద్దలు వద్దన్నారమ్మా’ అని వెనక్కిచ్చాడు, పక్కన ఇద్దరున్నారు. ఆ ‘పెద్దలు వద్దన్నారు’లోనే కేసు ప్రాణం ఉంది. దాన్ని పత్రిక భాషలోకి దిద్దకండి. ఒక్కొక్కరినీ విడిగా అడగండి, ఆడవాళ్లను మరీను. అరుగు మీద గుంపుగా అడిగితే అందరూ ఒకే పాఠం అప్పజెబుతారు, అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరికిపోయేది అక్కడే.

తర్వాత కాగితాలు. పాలకేంద్రం పుస్తకంలో రోజూ పోసిన పాల లెక్క ఫలానా పూట నుంచి ఖాళీగా ఉంటే, పదిమంది సాక్షుల పెట్టు. కౌలు ఇక్కడ చాలావరకు నోటిమాటే; సాగుదారు హక్కు పత్రం లేకపోతే ఎరువుల బిల్లులు, ఈ-క్రాప్ (సర్కారు పంట లెక్క) నమోదు వెతకండి. వాట్సాప్‌లో తిరిగిన ఫొటో నమ్ముకోకండి, కుదించుకుపోయి, తీసిన సమయం వివరాలు పోతాయి. తీసిన ఫోనే దాచండి. భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో హాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు, రాయాలి, ఫైలు కాస్త మారినా అది కలవదు.

పాత స్నేహితులకు వార్త ఇచ్చేది ఎఫ్ఐఆర్ అయ్యాకే. ముందే పేపర్లో పేర్లు పడితే సాక్షుల ఇళ్లకు రాత్రికి రాత్రే మనుషులు వెళతారు.

స్టేషన్లో ‘ముందు విచారిస్తాం’ అంటే అట్రాసిటీ చట్టం సెక్షన్ 18-ఎ చూపండి: ఈ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. అప్పటికీ తీసుకోకపోతే ఎస్పీకి స్పీడ్ పోస్టు, రసీదు భద్రం. దర్యాప్తు చేసేది డీఎస్పీకి తగ్గని అధికారేనా అని చూసుకోండి. ఎస్సై నడిపిస్తే అవతలివాళ్లకు సందు దొరికినట్టే.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రుసుము లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి. అన్ని చోట్లకూ కాపీలు కొట్టే విలేకరి అలవాటు ఇక్కడ చేటు: అదే విషయం రాష్ట్ర కమిషన్‌లో పెండింగ్‌లో ఉంటే జాతీయ కమిషన్ విచారించదు.

శాంతి కమిటీకి పిలిస్తే వెళ్లండి. కుర్చీల్లో ఎవరున్నారో, నేల మీద ఎవరున్నారో ముందు చూడండి. అందరికీ ఒకే ఎత్తు కుర్చీలు వేయించాకే మాట మొదలుపెట్టండి. అట్రాసిటీ కేసు చట్టప్రకారం రాజీ కుదిరేది కాదు, కాబట్టి కేసు వెనక్కి తీసుకోవడం ఒప్పందంలోకి రానివ్వకండి. ‘కలిసిమెలిసి ఉంటాం’ అని రాయించడం ఏమీ రాయించకపోవడమే. ఏ తేదీ నుంచి నాట్లకు పిలుస్తారు, ఏ కొట్టు సరుకులిస్తుంది, ఏ చేను ఎవరికి తిరిగి కౌలుకిస్తారు, ఇవి రాయించండి. వారం ఆగి పాలకేంద్రానికి వెళ్లి ఆ పుస్తకం మళ్లీ తిప్పండి.