ఇంట్లో పెద్దవాళ్ళకి షుగర్ రీడింగులు బొమ్మ గీసి చూపించడం ఎలా

షుగర్ ఉన్నవాళ్ళ ఇంట్లో రీడింగులకి కొదవ ఉండదు, క్యాలెండర్ మీద కొన్ని, ఫోన్‌లో కొన్ని, ల్యాబ్ రిపోర్టుల ఫైల్లో కొన్ని ఉంటాయి, కానీ పోయిన నెలకీ ఈ నెలకీ తగ్గిందా పెరిగిందా అని అమ్మనో నాన్ననో అడిగితే "మొన్న 162 వచ్చింది" అంటారు అంతే. ఆ 162 పరగడుపునో తిన్నాకో కూడా గుర్తుండదు. అవే నంబర్లు చుక్కలుగా పెట్టి చూపిస్తే పెద్దగా చదువుకోని వాళ్ళకి కూడా తెలిసిపోతుంది. దీనికి యాప్ అక్కర్లేదు, గళ్ళ నోట్‌బుక్కు, రెండు మూడు స్కెచ్ పెన్నులు చాలు.

ముందు పరగడుపుకి ఒక పేజీ, తిన్న రెండు గంటలకి చూసేదానికి ఇంకో పేజీ పెట్టండి. రెండూ కలిపి ఒకే గీత గీస్తే అది పైకీ కిందకీ ఊగి భయపెట్టడం తప్ప ఏమీ చెప్పదు. కింద తేదీలు, పక్కన 50 నుంచి 300 దాకా నంబర్లు రాయండి, ఈ స్కేలు ప్రతి నెలా ఇదే ఉండాలి, ఒక నెల 120 నుంచి 160 వరకే పెట్టారనుకోండి, ఐదు పాయింట్ల తేడా కూడా కొండంత కనిపిస్తుంది. చూడని రోజు ఖాళీ వదిలేయండి, అక్కడ గీత కలపొద్దు.

ఇప్పుడు రంగు పట్టీలు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి మామూలుగా పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్నాక 180 లోపు ఉండాలంటారు, కాకపోతే వయసుని బట్టి, వేరే జబ్బుల్ని బట్టి ఇది మారుతుంది కాబట్టి మీ డాక్టర్ చెప్పిన నంబర్లే వేయండి. ఆ మధ్యలో లేత ఆకుపచ్చ పూయండి. 70 కింద మాత్రం రెండు పేజీల్లోనూ ఎర్ర పట్టీ ఉండాల్సిందే. నాకైతే మొత్తం బొమ్మలో ఇదే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే మన ఇళ్ళల్లో షుగర్ పెరిగితేనే కంగారు, తగ్గితే "హమ్మయ్య" అనుకుంటారు, కానీ 70 కంటే కిందకి పడిపోవడం అప్పటికప్పుడే ప్రమాదం. ఆ పట్టీలో "స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్ళు" అని పెద్ద అక్షరాలతో రాయండి. రంగుని మాత్రమే నమ్ముకోవద్దు, కొందరికి ఎరుపు ఆకుపచ్చ తేడా తెలీదు, శుక్లాలు వచ్చినవాళ్ళకి లేత రంగులు సరిగ్గా ఆనవు, అందుకే ఆకుపచ్చలో కూడా "బాగుంది" అని మాట రాయాలి.

చుక్క మామూలు కంటే బాగా పైనో కిందో ఉంటే పక్కన కారణం రాయించండి, పెళ్ళి భోజనం, జ్వరం, మాత్ర మర్చిపోయాను, ఇలా. వాళ్ళ చేత్తోనే రాయిస్తే ఇంకా మంచిది, ఏ పూట ఏం తింటే చుక్క పైకి పోతోందో వాళ్ళే కనిపెడతారు.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్, అదే హెచ్‌బీఏ1సీ, శాతంలో వస్తుంది కాబట్టి దానికి వేరే పేజీ. 7 శాతం అంటే సగటున దాదాపు 154 అని పక్కన రాసి పెట్టండి. "పొద్దున బాగానే ఉంటోంది కదా, ఇది ఎందుకు ఎక్కువొచ్చింది" అని అడిగితే మాటలతో వివరించక్కర్లేదు, తిన్నాక పేజీ పక్కన పెట్టి చూపించండి, చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

ఇంకోటి, ఫలానా మాత్ర వాడితే ప్రమాదం రెట్టింపు అని వాట్సాప్‌లో వస్తే దాన్నీ చుక్కల్లోకి మార్చి చూడండి. 1995లో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అని హెచ్చరిక వచ్చేసరికి చాలామంది ఆడవాళ్ళు మాత్రలు మానేశారు, తీరా చూస్తే అది 7000 మందిలో ఒకరి నుంచి ఇద్దరికి పెరగడం. 7000 చుక్కల్లో రెండింటికి రంగు వేసి చూపించి ఉంటే అంత భయం ఉండేదా! మాత్ర ఆపాలా వద్దా అన్నది మాత్రం డాక్టర్నే అడగాలి.

అంతా గీశాక మీరు వివరించకండి, "ఈ నెల ఎలా ఉందో నువ్వే చెప్పమ్మా" అని నోట్‌బుక్ ఆవిడ చేతికివ్వండి. ఎక్కడ తడబడితే అక్కడ బొమ్మ మార్చండి, తర్వాత ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకుంటే చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్‌కి చూపించొచ్చు.