పని బూట్లతో వెళ్తే మెటల్ డిటెక్టర్ మోగుతోందా? లక్షణం, కారణం, పరిష్కారం

పనికి వేసుకునే బూట్లతోనే విమానం ఎక్కాల్సిన వారికి ఒకే ఇబ్బంది పదే పదే ఎదురవుతుంది. జేబులు ఖాళీ చేస్తారు, బెల్టు, గడియారం ట్రేలో పెడతారు, అయినా చట్రం దాటగానే డిటెక్టర్ మోగుతుంది. తరచుగా ప్రయాణాలు చేసే సహోద్యోగులకు బూట్లు ఎంపిక చేయడం, పాడైనవి బాగు చేయించడం చాలా కాలంగా నా బాధ్యత. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెండు నిమిషాల పరీక్షతో తేలిపోయేవే. ఆ పరీక్ష చేయకుండానే మంచి బూట్లను పక్కన పడేస్తున్నారన్నదే నా బాధ.

లక్షణం: ఒంటి మీద లోహం ఏదీ లేకపోయినా డిటెక్టర్ మోగుతుంది

మోగిస్తున్నవి బూట్లేనా అన్నది ముందుగా తేల్చుకోండి. చాలా డిటెక్టర్ చట్రాలకు పక్కన నిలువుగా దీపాల వరుస ఉంటుంది. లోహం ఏ ఎత్తులో ఉంటే ఆ ఎత్తులోని దీపం వెలుగుతుంది. నేలకు దగ్గరి దీపం వెలిగితే బూట్లను అనుమానించాలి. నడుము ఎత్తున వెలిగితే బూట్లు మార్చినా ప్రయోజనం లేదు. దీపాలు కనిపించకపోతే సిబ్బంది అనుమతితో బూట్లు ట్రేలో పెట్టి, మేజోళ్లతో మరోసారి నడవండి. ఈ ఒక్క పని చేయకుండా కొత్త జత కొని, దానితోనూ ఆగిపోయినవారిని చూశాను. వారిలో ఒకరి విషయంలో అసలు కారణం మోకాలి పట్టీలో కుట్టిన లోహపు పుల్ల.

బూట్లేనని తేలాక అందరి చూపూ వేళ్లను కాపాడేందుకు బూటు ముందు భాగంలో అమర్చే గట్టి టోపీ (టో) వైపే వెళ్తుంది. స్టీల్ టో మోగించే మాట నిజమే. తేలికగా ఉంటుందని అల్యూమినియం టో ఎంచుకున్నా ఫలితం అదే, ఎందుకంటే డిటెక్టర్ వెతికేది ఇనుమును కాదు, అది పంపే అయస్కాంత క్షేత్రానికి లోపల విద్యుత్తు సుడులు పుట్టే ఏ లోహాన్నయినా అది పట్టుకుంటుంది. గాజు నారతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన కాంపోజిట్ టో అలా పట్టుబడదు. ఐఎస్‌ఓ 20345 ప్రమాణం కింద వచ్చే భద్రతా బూటు టో ఏ పదార్థంతో చేసినా 200 జౌళ్ల దెబ్బను, 15 కిలోన్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాల్సిందే కాబట్టి, లోహం లేనంత మాత్రాన వేళ్లకు రక్షణ తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. బరువులు మీద పడే ప్రమాదం లేని పనికి టోపీ లేని, ఐఎస్‌ఓ 20347 కింద వచ్చే బూట్లు చాలు.

కాంపోజిట్ టో ఉన్నా మోగుతోందంటే

నేను దెబ్బతిన్నది ఇక్కడే. పెట్టె మీద కాంపోజిట్ టో అని రాసి ఉన్న జతను ఒక సహోద్యోగికి నేనే ఎంపిక చేసి ఇచ్చాను. వెళ్లేటప్పుడు ఏ చప్పుడూ లేకుండా తనిఖీ దాటారు. తిరుగు ప్రయాణంలో మరో విమానాశ్రయంలో రెండుసార్లు మోగింది. లేసు రంధ్రాల చుట్టూ ఉన్న లోహపు వలయాల వల్లనేమో అనుకుని వాటిని తీయించి, లేసులు మార్పించాను, మళ్లీ మోగింది. ఆ తర్వాత బెల్టును అనుమానించాం, ఆ తర్వాత డిటెక్టర్‌నే తప్పుపట్టాం. చివరికి ఆ జత అరిగిపోయాక పాదం కింద ఉండే లోపలి మెత్తను (ఇన్‌సోల్) పైకి లాగి, దాని కింది అట్టను చాకుతో చీల్చి చూశాను. అరికాలి వంపు కింద, మడమకూ పాదం ముందు భాగానికీ మధ్య, వేలంత వెడల్పు, చిటికెన వేలికన్నా కాస్త ఎక్కువ పొడవు ఉన్న ఉక్కు పట్టీ ఒకటి కనిపించింది. వంగకుండా దాని నడుమ పొడవునా ఒక గాడి, మడమ వైపు రెండు రివెట్లు ఉన్నాయి. దాన్నే షాంక్ అంటారు.

షాంక్ బూటుకు వెన్నెముక లాంటిది. మడమ ఎత్తుగా ఉన్న బూటులో మడమకూ ముందు భాగానికీ నడుమ సోల్ నేలకు ఆనదు; శరీర బరువు పడినప్పుడు అక్కడ కుంగిపోకుండా షాంక్ ఆపుతుంది. అందుకే అట్టకు, పైభాగానికి ఒక పట్టీని కుట్టి, ఆ పట్టీకి సోల్‌ను కుట్టే గుడ్‌ఇయర్ వెల్ట్ తరహా తోలు బూట్లలోనూ, నిచ్చెనలు ఎక్కేవారి పని బూట్లలోనూ ఇది దాదాపు తప్పనిసరిగా ఉంటుంది. బయటికి కనిపించదు, తొడుక్కుంటే తెలియదు, పెట్టె మీద రాయరు. కాంపోజిట్ టో అన్న మాట టోపీకి మాత్రమే వర్తిస్తుంది. మిగతా బూటులో లోహం లేదని అది చెప్పదు.

ఒకచోట దాటి మరోచోట మోగడానికి కారణం కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామందిని తప్పుదారి పట్టించేది అదే. డిటెక్టర్ ఎంత చిన్న లోహానికి స్పందించాలన్నది నిర్వహించేవారు అమర్చుకుంటారు, కాబట్టి అన్ని చోట్లా ఒకే స్థాయి ఉండదు. సన్నని షాంక్ సరిగ్గా ఆ సరిహద్దు మీద పడే వస్తువు. నిన్న దాటిందన్న ధీమాతో ఈ రోజు కారణాన్ని ఇంకెక్కడో వెతుకుతాం.

పరీక్ష చాలా తేలిక. బలమైన చిన్న నియోడిమియం అయస్కాంతం ఒకటి తీసుకోండి; తలుపులకు, డబ్బాలకు అంటించే మామూలు అయస్కాంతం మందపాటి సోల్ గుండా లాగలేదు. ఇన్‌సోల్ తీసేసి, బూటు లోపలి నుంచి అరికాలి వంపు దగ్గర అయస్కాంతాన్ని మెల్లగా జరపండి. నడుమ సన్నని గీత వెంట మాత్రమే లాగితే అది షాంక్. వేళ్ల నుంచి మడమ దాకా ఎక్కడ పెట్టినా లాగితే అది మేకులు గుచ్చుకోకుండా వేసిన ఉక్కు రేకు. వేళ్ల దగ్గర మాత్రమే లాగితే టోపీ. అయితే ఒక హెచ్చరిక: అల్యూమినియంను అయస్కాంతం లాగదు కాబట్టి, లాగలేదంటే ఉక్కు లేదని మాత్రమే అర్థం, లోహమే లేదని కాదు. చేతితో పట్టుకునే డిటెక్టర్ దొరికితే ఆ సందేహమూ తీరుతుంది.

మేకుల నుంచి రక్షణ కావాలంటే లేబుల్ మీది అక్షరాలు చూడండి. ఐఎస్‌ఓ 20345 ప్రమాణం 2022 కూర్పులో 'పి' అంటే లోహపు రేకు, 'పీఎల్', 'పీఎస్' అంటే లోహం కాని పొర. అంటే ఎస్3 అని ఉన్న బూటులో లోహం ఉంటుంది, ఎస్3ఎల్, ఎస్3ఎస్ అని ఉన్నవాటిలో గట్టి నేత పొర ఉంటుంది. పాత 2011 కూర్పు ప్రకారం ముద్ర వేసిన బూట్లలో ఈ తేడా అక్షరాల్లో కనిపించదు, అక్కడ అయస్కాంతమే దిక్కు.

పరిష్కారం షాంక్‌ను పీకేయడం కాదు. కొందరు ఆ పని చేసి నెల తిరగకుండానే అరికాలి నొప్పితో వచ్చారు. కొత్త జత కొనేటప్పుడు టో ఒక్కదాని గురించే కాక, షాంక్ దేనితో చేశారని విడిగా అడగండి. నైలాన్, గాజు నార షాంకులు ఉక్కు చేసే పనే చేస్తాయి, డిటెక్టర్‌కు పట్టుబడవు. ఇప్పటికే ఉన్న మంచి జతను వదులుకోలేకపోతే, సోల్ మార్పించే రోజున షాంక్‌ను కూడా గాజు నారది వేయమని ముందే చెప్పండి. సోల్ అంటించాక చెబితే మళ్లీ అంతా ఊడదీయాలి.

లక్షణం: తనిఖీ దాటుతోంది కానీ సాయంత్రానికి పాదం లాగేస్తోంది

లోహం లేదని తేలిక బూట్లు కొన్నవారిలో ఇది ఎక్కువ. రెండు చేతులతో బూటును ముందూ వెనకా పట్టుకుని వంచండి. వేళ్లు మడతపడే చోట వంగాలి. నట్టనడుమ వంగినా, తడిగుడ్డ పిండినట్టు మెలి తిరిగినా ఆ బూటులో షాంక్ లేనట్టే, అలాంటి బూటులో రోజంతా నిలబడే పని చేయకండి. కొలత సాయంత్రం చూసుకోండి, ఎందుకంటే పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

లక్షణం: మెటల్ డిటెక్టర్ కాదు, బాడీ స్కానర్ పాదాల దగ్గర గుర్తు చూపిస్తోంది

మిల్లీమీటర్ తరంగాల స్కానర్ లోహాన్ని ప్రత్యేకించి చూడదు, ఒంటి మీద ఉన్న వేరే వస్తువు ఏదైనా చూపిస్తుంది. చీలమండ పైదాకా వచ్చే మందపాటి బూట్లు ఇక్కడ ఆగుతాయి, వాటిలో లోహం లేకపోయినా సరే. దీనికి తేలికగా విప్పి తొడుక్కునే బూట్లే పరిష్కారం, అంటే పక్కన సాగే పట్టీ ఉన్నవి గానీ ప్లాస్టిక్ జిప్పు ఉన్నవి గానీ. అమెరికాలో 2006 నుంచి అమలులో ఉన్న, అందరూ బూట్లు విప్పాలన్న నియమాన్ని 2025 జులైలో ఎత్తివేసినా, గుర్తు వస్తే విప్పమనే అంటారు.

లక్షణం: పెట్టెలో దాచిన బూట్ల సోల్ పొడిగా రాలిపోతోంది

ఇది పాలీయురేథేన్ సోల్. గాలిలోని తేమకు ఏళ్ల తరబడి మెల్లగా విడిపోతుంది, వాడకుండా దాచినా ఆగదు. రాలడం మొదలయ్యాక జిగురు పనిచేయదు. ప్రయాణానికని విడిగా దాచకుండా, రెండు జతలను రోజు విడిచి రోజు వాడండి. తోలు ఆరడానికి సమయం దొరికి రెండూ ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఇక అరుదైనవి. పేలుడు పదార్థాల కోసం బూట్లకు గుడ్డ రాసి చేసే పరీక్షలో ఎరువుల ఆనవాళ్లు బయటపడి ఆపడం పొలం పనుల నుంచి నేరుగా వచ్చినవారికి జరగవచ్చు. సోల్ కడుక్కుని బయల్దేరితే చాలు. ఎన్నడూ మోగని బూట్లు మడమ మార్పించాక మోగడం మొదలుపెడితే కొత్తగా కొట్టిన మేకులే కారణం, అయస్కాంతాన్ని మడమ కింద పెట్టి చూడండి.