చిన్న బోటు ఆటోపైలట్: దారి తప్పుతుంటే ఎక్కడ వెతకాలి, ఏది కొనాలి

చిన్న తెరచాప బోట్లలో చుక్కానిని ఎక్కువగా టిల్లర్ అనే కర్రతో తిప్పుతారు. ఆ కర్రకు తగిలించే ఆటోపైలట్ పేరు టిల్లర్ పైలట్. అది దారి తప్పితే చాలామంది ఇంకా పెద్దది కొనేస్తారు. డబ్బు పెట్టేముందు ఇవి చూడండి.

సమస్య: గాలి పెరగగానే బోటు గాలివైపు తిరిగిపోతోంది, పైలట్ మోటారు ఆగకుండా మూలుగుతోంది.

కారణం, పరిష్కారం: పైలట్‌ను తీసి టిల్లర్ మీరే పట్టుకోండి. బలమంతా పెట్టి లాగాల్సి వస్తే తప్పు తెరచాపది. మెయిన్‌సెయిల్‌ను (ప్రధాన తెరచాపను) వదులు చేయండి, చాలకపోతే రీఫ్ చేసి, అంటే కొంత మడిచి కట్టి, తగ్గించండి. చేతికి తేలిగ్గా ఉన్నా పైలట్ ఆపలేకపోతే అప్పుడు అది మీ బోటుకు చిన్నదన్నమాట. కొనేటప్పుడు ఖాళీ బోటు బరువు చూడటం వల్లే ఇలా జరుగుతుంది. నీళ్లు, ఇంధనం, లంగరు, మనుషులు అన్నీ కలిపి, దానిపై ఇంకో 20 శాతం వేసుకోండి. ఖాళీగా 2,600 కిలోలున్న బోటు సామానుతో 3,000 అయితే, 3,600 లెక్కన కొనాలి. రేమెరీన్ కంపెనీ టిల్లర్ పైలట్ ఎస్‌టీ1000 ప్లస్ పరిమితి 3,000 కిలోలు, ఎస్‌టీ2000 ప్లస్‌ది 4,500. ఈ బోటుకు రెండోదే తీసుకోవాలి.

సమస్య: బోటు పాములా వంకర్లు పోతోంది.

కారణం, పరిష్కారం: గెయిన్ అంటే దారి తప్పినప్పుడు పైలట్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే సెట్టింగు. అది మరీ ఎక్కువైతే చిన్న తేడాకే చుక్కాని అతిగా తిరుగుతుంది. మరీ తక్కువైతే ఆలస్యంగా కదులుతుంది. ఒక్కో మెట్టు మార్చి చూడండి. పైలట్‌ను టిల్లర్‌కు తగిలించే పిన్ను దాని రంధ్రంలో వదులుగా ఆడుతుంటే ఏ సెట్టింగూ పనిచేయదు, ముందు దాన్ని బిగించండి. వెనక నుంచి అలలు వచ్చినప్పుడే వంకర్లు పోతే చిక్కు వేరు: దిక్సూచి ఒక్కటే ఉన్న పైలట్, బోటు తిరిగాక గానీ స్పందించదు. సముద్రంలో ఎక్కువగా తిరిగేవాళ్లు బోటు ఊగిసలాటను కూడా పసిగట్టే సెన్సర్ విడిగా ఉండే రేమెరీన్ ఈవీ-100 లాంటిది తీసుకోవడం మంచిది. ఖర్చు ఎక్కువే, కానీ దాని విలువ దానికుంది.

సమస్య: ఉన్నట్టుండి దిశ మారిపోతోంది.

కారణం, పరిష్కారం: మామూలు టిల్లర్ పైలట్‌లో దిక్సూచి లోపలే ఉంటుంది. పక్కన స్పీకరు, ఫోను, ఇనుప పనిముట్లు ఉంటే కనీసం మీటరు దూరం జరపండి.

సమస్య: మోటారుపై భారం పడగానే పైలట్ ఆఫ్ అయిపోతోంది.

కారణం, పరిష్కారం: సన్నటి వైరు, పచ్చగా చిలుము పట్టిన ప్లగ్గు. మోటారు తోస్తున్నప్పుడే సాకెట్ దగ్గర వోల్టేజీ కొలవండి, ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. వైరు లావుది వేయండి.

ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఒక మాట. మీరు నీళ్లలో పడినా ఆటోపైలట్ బోటును తీసుకెళ్లిపోతూనే ఉంటుంది. దాన్ని కొనే రోజే ఛాతీకి వేసుకునే హార్నెస్, దాన్ని బోటుకు తగిలించే తాడు అయిన సేఫ్టీ టెదర్ కూడా కొనండి.