సూది పేరు చెప్పి పిల్లల్ని బెదిరించకండి

నేను అంగన్‌వాడీ టీచర్ని. నా దగ్గరికొచ్చేది మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు. గుమ్మంలో దింపుతూ తల్లులు తరచూ అనే మాట: "అల్లరి చేస్తే రెండు తగిలించండి టీచరమ్మా." బడిలో పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్లో ఉంది. ఆ సెక్షన్ మన ఇంటి గడప దాకా రాదు, అక్కడ వీపులు మోగుతూనే ఉంటాయి.

ముందు బెదిరింపులు మానండి. "అన్నం తినకపోతే నర్సమ్మతో సూది వేయిస్తా" అంటారు. ఆ పూటకి పని జరుగుతుంది. ఐదేళ్ల పిల్లలకి డీపీటీ బూస్టర్ టీకా వేయడానికి ఏఎన్ఎం నర్సమ్మ వచ్చిన రోజు మా సెంటర్ చూడాలి! బియ్యం బస్తాల వెనక ఒకడు, తలుపు చాటున ఒకతె. "నేను అన్నం తిన్నాను కదా" అని ఏడుపు. వాళ్ల లెక్కలో సూదంటే శిక్ష మరి.

ఏం చేయకూడదో కాకుండా ఏం చేయాలో చెప్పండి. "పరిగెత్తకు" అనే బదులు "గోడ పక్కన మెల్లగా నడువు" అనండి. ఒకసారికి ఒకటే పని. వంటింట్లోంచి కేకేస్తే లాభం లేదు. దగ్గరికెళ్లి, వాడి ఎత్తుకి కూర్చుని, పేరు పెట్టి పిలిచి చెప్పండి.

మా దగ్గర ఒక పిల్లాడు పప్పన్నం ప్లేటు చుట్టూ చల్లేవాడు. చేతికి తడిగుడ్డ ఇచ్చి, "నువ్వు ఈ మూల నుంచి, నేను ఆ మూల నుంచి" అన్నాను. మొదట్లో మెతుకుల్ని నేలంతా పూసి పెట్టాడు. పోనుపోను అదే ఆటైపోయింది, ఇప్పుడు పక్కవాళ్ల మెతుకులు కూడా వాడే తుడుస్తున్నాడు. అలాంటప్పుడు ఊరికే "గుడ్ బాయ్" అని వదిలేయకండి. "ప్లేటు కింద కూడా తుడిచావే!" అనండి. దేనికి మెచ్చుకున్నారో వాడికి తెలియాలి. చాక్లెట్ మాత్రం ఇవ్వకండి, రేపట్నుంచి ముందు చాక్లెట్ పెడితేనే గుడ్డ ముట్టుకుంటాడు.

కిరాణా కొట్టు దగ్గర చిప్స్ పేచీ అందరికీ ఉన్నదే. బయల్దేరేముందే "ఇవాళ నూనె ప్యాకెట్ ఒక్కటే" అని చెప్పండి. అయినా నేల మీద పడి దొర్లితే, దెబ్బ తగలకుండా చూస్తూ పక్కనే నిలబడండి. ఆ ఏడుపులో ఏ నీతీ చెవికెక్కదు. నలుగురూ చూస్తున్నారని టెన్షన్ పడి కొన్నారో, ఎంతసేపు దొర్లితే ప్యాకెట్ వస్తుందో వాడికి లెక్క తెలిసిపోతుంది.

ఆకలి, నిద్ర కూడా చూసుకోండి. మా సెంటర్లో కొట్లాటలు ఎక్కువగా భోజనానికి ముందే.

అసలు తిప్పలు పెద్దవాళ్లతోనే. అమ్మ ఫోన్ లాక్కుంటే నాయనమ్మ తనది ఇస్తుంది. ఆవిడతో పిల్లాడి ముందు గొడవ పెట్టుకోకండి. వాడు పడుకున్నాక కూర్చుని, అన్నం దగ్గర ఫోన్ ఇవ్వకూడదు, ఎవరూ చెయ్యెత్తకూడదు అనే రెండిటికైనా ఇంటిల్లిపాదీ ఒప్పుకోండి. మిగతా చిన్న చిన్నవి ఆవిడకి వదిలేయండి, బెల్లం ముక్క పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి.