అపొమాటాక్స్ ఎలా చూడాలి

రిచ్‌మండ్ వైపు ఉండే మనవాళ్లు పిల్లల్ని అమెరికా అంతర్యుద్ధం దాదాపు ముగిసిన వర్జీనియా ఊరు అపొమాటాక్స్ తీసుకెళ్తామంటే నేను ముందు చెప్పేది ఒకటే: మెక్లీన్ ఇంటి ముందు ఫొటోలు దిగి వచ్చేయకండి.

మొదట ముందుగదిలో కాసేపు నిలబడండి. 1865 ఏప్రిల్ 9న ఉత్తరాది సేనాని గ్రాంట్‌కు దక్షిణాది సేనాని లీ లొంగిపోయింది ఇక్కడే. ఒప్పందంలోని షరతులు పిల్లలకు వివరంగా చెప్పండి. ఆయుధాలు అప్పగించి, మళ్లీ పట్టమని మాటిస్తే ఇంటికి పోవచ్చు. ఆ మాట మీద ఉన్నంతకాలం ప్రభుత్వం వాళ్ల జోలికి రాదు. దుక్కి దున్నే రోజులని, సొంత గుర్రాలున్నవాళ్లను వాటితోనే పోనిచ్చారు. 25 వేలమందికి సరిపడా తిండి పంపారు. సంబరంగా పేలుతున్న ఫిరంగుల్ని గ్రాంట్ ఆపించాడు. నాలుగేళ్లు చంపుకున్నాక ఇలా ప్రవర్తించడం చిన్న విషయం కాదు.

విడుదల పత్రాలు అచ్చువేసిన క్లోవర్ హిల్ టావెర్న్ అనే సత్రం దగ్గర్లోనే ఉంది, అదీ చూడండి.

తర్వాత తప్పకుండా ఇంటి వెనక్కి వెళ్లండి. అక్కడ వంటిల్లు, బానిసల గది ఉన్నాయి. చాలామంది అటు వెళ్లరు. ఆ ఊళ్లోనే హన్నా రేనాల్డ్స్ అనే బానిస స్త్రీకి ఆ రోజు ఫిరంగి గుండు తగిలింది. కొద్దిరోజులకే చనిపోయింది. ఓడినవాళ్లకు గుర్రాలు దక్కాయి, మరి వీళ్లకేం దక్కిందని పిల్లల్ని అడగండి.

జవాబు అక్కడ దొరకదు, మీరే చెప్పాలి. సౌత్ కరోలినా, జార్జియా తీరంలో విముక్తులైన కుటుంబాలకు 40 ఎకరాల దాకా ఇచ్చిన భూమిని అధ్యక్షుడు జాన్సన్ అదే ఏడాది పాత యజమానులకు తిప్పి ఇప్పించాడు. విడిపోయిన దక్షిణ రాష్ట్రాల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ రెండేళ్లు జైల్లో ఉండి, విచారణే లేకుండా బయటపడ్డాడు. ఓడిన సిపాయిని క్షేమంగా ఇంటికి పంపడం న్యాయం. ఓడిన దొరకు భూమి, పెత్తనం మళ్లీ కట్టబెట్టడం అన్యాయం. ఈ రెండిటినీ ఒకే క్షమాభిక్ష ఖాతాలో వేసి చెప్పకండి.

తిరుగు ప్రయాణంలో రిచ్‌మండ్ మాన్యుమెంట్ అవెన్యూలో ఆగండి. 1890లో పెట్టిన లీ విగ్రహాన్ని 2021 సెప్టెంబరులో తీసేశారు. అన్నేళ్లు ఎందుకుంచారని పిల్లలు అడిగితే, పోల్ టాక్స్ (ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్ను) పెట్టి నల్లవాళ్ల ఓటు లాగేసిన 1902 వర్జీనియా రాజ్యాంగం దగ్గర్నుంచి మొదలుపెట్టండి.