పాత దూలంతో బల్ల, మిగిలిన ముక్కతో బొమ్మ

కోనసీమలో మండువా లోగిలి విప్పేటప్పుడు పెంకులకు బేరం త్వరగానే కుదురుతుంది గానీ, మేకులు దిగిన దూలాలూ, నేలకు ఆనిన కొస పుచ్చిపోయిన ద్వారబంధాలూ చాలాసార్లు పొయ్యి పాలవుతాయి. ఇది బాధాకరం, ఎందుకంటే పుచ్చిన జానెడు కోసేస్తే మిగిలిన టేకులో చేవ చెక్కుచెదరకుండా ఉంటుంది. కొనే ముందు ఉలి మొనతో నాలుగైదు చోట్ల గుచ్చి చూడాలి. చేవ ఉన్నచోట మొన ఆగుతుంది, చెద తిన్నచోట సునాయాసంగా దిగిపోతుంది. సన్నని రంధ్రాల నుంచి పిండి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉందని భావించి, ఆ చెక్కను వేరుగా ఉంచి, చిత్రిక పట్టాక బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిని రెండు మూడు విడతలుగా పట్టించి ఆరనివ్వాలి.

మేకుల విషయంలో తొందర పనికిరాదు. తల విరిగి లోపలే ఉండిపోయిన మేకు చుట్టూ సాధారణంగా నల్లటి మచ్చ ఏర్పడుతుంది. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని చెక్క పొడవునా నెమ్మదిగా జరిపితే మచ్చ లేనిచోట దాగినవి కూడా దొరుకుతాయి. పాత తలుపుల రంగును కాల్చడం, పొడిగా గీకడం ప్రమాదకరం. ఇళ్ల రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాల్లో 90 భాగాలకు, అంటే 90 పీపీఎమ్‌కు పరిమితం చేసిన నియమం అమలులోకి వచ్చింది 2017 నవంబరులోనే కాబట్టి, అంతకు ముందు వేసిన పూతలో సీసం ఉందనే అనుకుని, తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని గీకాలి. పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు.

తాళ్లరేవు వైపు దొరికే పాత నావల చెక్కలో ఉప్పు ఉంటుంది. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి ఇనుప మరలను తినేస్తుంది కాబట్టి, మంచినీటితో పలుమార్లు కడిగి, నీడలో ఆరబెట్టి, ఇత్తడి మరలే వాడాలి.

గాలివానకు పడిన వేప, పనస మొద్దులు పచ్చివి. కోసిన రోజే రెండు కొసలకూ మైనం గానీ చిక్కటి రంగు గానీ పూయాలి. కొసలు పక్కల కంటే వేగంగా ఆరి బీటలు వారుతాయి. నేను ఒక పనస మొద్దుకు ఈ పని రెండు రోజులు వాయిదా వేయగా, కొస నుంచి మూరెడు పొడవున చీలిక వచ్చింది. పలకలుగా కోస్తే అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టడం మంచిది. నిండు మొద్దుతో శిల్పం చెక్కేటప్పుడు వెనుక వైపు నుంచి నడిమి భాగాన్ని తొలిచి తీసేస్తే చీలిక భయం చాలావరకు తగ్గుతుంది.

కొబ్బరి, తాటి మానుల తీరు వేరు: గట్టిదనమంతా బయటి వలయంలోనే ఉంటుంది, లోపలిది మెత్తని పీచు. అందుచేత బల్ల కాళ్లకు బయటి పలకనే తీసుకోవాలి.

దూలం పొడవును బల్లకు వాడి, కాలి కొసను కుసిగా, అంటే బెజ్జంలో బిగిసే నాలుకలా, చెక్కి బెజ్జంలో దిగగొడితే మేకు అవసరమే రాదు. మిగిలిన ముక్కలో పాత బెజ్జం ఉంటే పూడ్చవద్దు. పక్షి బొమ్మకు అది కన్నుగా కుదురుతుంది. చివరగా అవిసె నూనెను పలుచగా రుద్దాలి. నూనె గుడ్డలను ఉండచుట్టి పడేస్తే ఆరే వేడికి వాటంతట అవే అంటుకోగలవు కాబట్టి, విప్పి తీగ మీద ఒక్కొక్కటిగా ఆరవేయాలి.