ఫెస్క్యూ గడ్డిలో దాగిన శిలీంధ్రం: మా ఆవుల ఇబ్బంది ఎలా తీరిందంటే

ఎండలు ముదిరేసరికి మా ఆవులు మేత మానేసి రోజంతా నీడలోనే నిలబడేవి. రొప్పుతూ, చొంగ కారుస్తూ ఉండేవి. పాత బొచ్చు రాలలేదు, పాలు తగ్గాయి. గడ్డి మాత్రం పచ్చగా, ఏపుగా ఉంది!

అది టాల్ ఫెస్క్యూ. మొదళ్ల దగ్గర పిలకలు కోసి ల్యాబ్‌కి పంపిస్తే ఎపిక్లోయి అనే ఎండోఫైట్ (మొక్క లోపలే బతికే) శిలీంధ్రం ఉందని తేలింది. పైకి మచ్చ కూడా కనిపించదు. కణాల మధ్య పెరుగుతూ, విత్తనం ద్వారా తర్వాతి తరానికి వెళ్తుంది. పురుగుల్నీ నీటి ఎద్దడినీ గడ్డి తట్టుకునేది దాని అండతోనే. పశువుకి చేటు చేసేది ఆ శిలీంధ్రం తయారుచేసే ఎర్గోవాలిన్ అనే విషం: రక్తనాళాలు కుంచించుకుపోయి ఒంట్లో వేడి బయటికి పోదు, పాలు ఊరడానికి కావాల్సిన ప్రోలాక్టిన్ హార్మోన్ తగ్గి పాలు పడిపోతాయి.

ఈ విషం గింజల్లో ఎక్కువగా చేరుతుంది కాబట్టి వెన్నులు రాకముందే కోయించాను, క్లోవర్ అనే మేత మొక్క విత్తనాలు కూడా గడ్డిలో చల్లాను. కాస్త నయమైంది. పూర్తిగా తీరింది మాత్రం పాత గడ్డిని చంపి, మధ్యలో వేరే పంట వేసి, ఎర్గోవాలిన్ తయారుచేయని ఎండోఫైట్ ఉన్న విత్తనం వేశాకే. శిలీంధ్రం అసలు లేని రకం వద్దనుకున్నాను, అది కరువుని అంతగా తట్టుకోదు. విత్తన సంచిని చల్లగా, పొడిగా ఉంచండి. వేడికి గింజ కన్నా ముందే లోపలి శిలీంధ్రం చచ్చిపోతుంది.